ముహూ కొండ మీద కొయ్యపులి వెలసిన వైనం

పాత రాజధానికి పడమట, వెదురు తోపుల నడుమ మెట్ల దారిన ఎక్కితే వచ్చే చిన్న కొండ పేరు ముహూ. చీనా భాషలో 'ము' అంటే కొయ్య, 'హూ' అంటే పులి. ఈ కొండ మీద కొలువైన దైవం కొయ్యపులి. గుడి పెద్దదేమీ కాదు. ఒకటే గది, మూడు వైపులా గోడలు, నాలుగో వైపు లోయ. గది నడుమ రాతి అరుగు మీద పులి ముందుకాళ్ళు చాచి పడుకుని ఉంటుంది. దాని వెన్ను పొడవునా రంపపు పళ్ళ వంటి గండ్లు ఉంటాయి. పక్కనే, కొస సన్నగా చీల్చిన వెదురు కర్ర ఒకటి ఉంటుంది.

ఇది బుద్ధుడి వాహనమా అని చాలామంది అడుగుతారు. కాదు. ఏ దేవుడికీ ఇది వాహనం కాదు. అయినా అడుగుతారు. పులి మీద ఎక్కరాదని రాసిన పలకకే ఆనుకుని నిలబడి, పిల్లలను పులి మీద కూర్చోబెట్టి ఫోటోలు తీసుకుంటారు. మరికొందరు వెదురు కర్ర తీసుకుని తమాషాకు పులి వీపు గీకి, ఆ చప్పుడుకు నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. ఆ చప్పుడు కోసం ఒకప్పుడు ఒక చక్రవర్తి ఆస్థానం యావత్తూ ఎంత అవస్థపడిందో తెలిస్తే ఎవరూ నవ్వరు. ఆ సంగతి ఇప్పటి అర్చకులు వచ్చినవారందరికీ చెప్పి చెప్పి అలసిపోయారు. అందువల్ల ఈ పుస్తకం వేయవలసి వచ్చింది. యాత్రికులు దయచేసి దీనిని పూర్తిగా చదివిన తరువాతే లోపలికి రావలసిందిగా ప్రార్థన.

పూర్వం ఇక్కడ గుడి లేదు, మెట్లూ లేవు. కొండంతా వెదురు పొదలు, అక్కడక్కడ పెద్ద చెట్లు. ఆ రోజుల్లో రాజధానిని ఏలుతున్న చక్రవర్తి చుట్టుపక్కల రాజ్యాలన్నిటినీ యుద్ధం చేసి గెలిచాడు. గెలిచిన ప్రతి రాజ్యం నుంచీ ఆయన బంగారంతో పాటు ఒక వాద్యాన్నీ, దానిని వాయించడంలో ఆరితేరినవారినీ కప్పంగా తెప్పించుకున్నాడు. తూర్పు నుంచి వరుసగా వేలాడదీసిన కంచు గంటలు వచ్చాయి. దక్షిణం నుంచి, మన వీణకు రెట్టింపు పొడవున్న తంత్రీవాద్యం వచ్చింది. ఉత్తరం నుంచి భేరులు, పడమటి నుంచి వేణువులు, ఇంకెక్కడి నుంచో కొడితే మోగే రాతి పలకలు వచ్చాయి. ఇవన్నీ ఒక్క మండపంలో కలిసి మోగితే దేశమంతా ఒక్కటైనట్లు స్వర్గంలోని పితృదేవతలకు తెలుస్తుందని చక్రవర్తి నమ్మకం. ఆ విధంగా మొట్టమొదటి ఆస్థాన వాద్యబృందం ఏర్పడింది.

దానిని నడిపే భారం తావ్ జిన్ అనే సంగీతాధికారి మీద పడింది. ఆయన స్వభావతః శాంతమూర్తి. ఎవరి మీదా గొంతు ఎత్తి ఎరుగడు. అందుకే ఆ పదవి తనకు ఇచ్చారని మొదట సంతోషించాడు. తరువాత అందుకే ఇచ్చారని విచారించాడు.

శ్రుతి కలపడానికే ఎంతో కాలం పట్టింది. తూర్పు గంటలు ఒక శ్రుతి, పడమటి వేణువులు ఇంకొక శ్రుతి. వేణువు కోయండి అని గంటలవారు, గంట అరగదీయండి అని వేణువులవారు పట్టుపట్టారు. తావ్ జిన్ ఒకరి దగ్గర కొంత కోయించి, ఇంకొకరి దగ్గర కొంత అరగదీయించి, ఇద్దరి చేతా తిట్లు తిని, చివరకు శ్రుతి కలిపాడు. మొదలుపెట్టడంలో చిక్కులేదు. భేరి మోగగానే అందరూ ఒక్కసారిగా అందుకునేవారు. నడుమ కూడా చక్కగానే సాగేది. వచ్చిన చిక్కంతా ముగింపులోనే.

బృందంలో ఎవరూ ముందుగా ఆపేవారు కారు. పాట అయిపోయిన తరువాత గంట ఒకసారి మోగేది. దాని మోత తగ్గుతుండగా దక్షిణాది తంత్రి ఒకటి పలికేది. అది విని వేణువు ఊపిరి పట్టి లాగేది. ఇంతలో భేరి. మళ్ళీ గంట. తావ్ జిన్ చేయి ఎత్తి ఆపమని సైగ చేస్తే, భక్తితో కళ్ళు మూసుకున్నాము, చూడలేదు అనేవారు. జెండా ఊపించాడు. దానికీ కళ్ళు మూసుకున్నారు. వంతులు వేశాడు. వంతు వచ్చినవాడు ఒప్పుకున్నాడు, రానివారు ఒప్పుకోలేదు. పోనీ, వాదించేవారిని తీసేద్దామా అంటే ఆ వీలూ లేదు. ఏ వాద్యం లేకపోతే ఆ రాజ్యం లొంగలేదని అర్థం.

ఇంటి దగ్గర ఆయన భార్య రోంగ్‌కి కూడా ఓపిక నశించింది.

"మీరు భోజనం దగ్గర కూడా చేయి ఎత్తి ఆపమంటున్నారు. నేను వడ్డించేదాన్ని గాని వాయించేదాన్ని కాదు," అన్నది.

"ఎవరో ఒకరు నా చేయి చూసి ఆపితే చాలు రోంగ్. అది నువ్వయినా సరే," అన్నాడాయన.

ఆ ఏడు చలికాలపు ఆరాధన వచ్చింది. చక్రవర్తి తన తండ్రికి నైవేద్యం పెట్టి, ధూపం వేసి, సంగీతం ముగిసిన తరువాతే కదలాలి. అంతవరకు ఎవరూ నిలబడిన చోటు నుంచి అడుగు తీయరాదు. బయట మంచు కురుస్తున్నది. సంగీతం ముగియలేదు. గంట మోగుతున్నది, తంత్రి పలుకుతున్నది, వేణువు లాగుతున్నది. చక్రవర్తి తల్లి వృద్ధురాలు. భర్తకు పెట్టిన నైవేద్యం ముందు చేతులు జోడించి నిలబడిన ఆమె చలికి కొయ్యబారి, అలాగే ఒరిగిపోయింది. ప్రాణం దక్కింది గాని చలికాలమంతా మంచం దిగలేదు.

చక్రవర్తి తావ్ జిన్‌ను పిలిపించాడు.

"ఇన్ని రాజ్యాలను లొంగదీశాను. నాలుగు వాద్యాల నోరు మూయించలేకపోతున్నావా?" అన్నాడు. "వచ్చే ఆరాధన నాటికి నీ సంగీతం ఆగవలసిన చోట ఆగాలి. లేదా నీతో సహా బృందమంతా ఉత్తరపు సరిహద్దుకు పోయి గోడలకు మట్టి మోయండి."

మట్టి మోసిన వేళ్ళు మళ్ళీ తంత్రి మీటలేవని అందరికీ తెలుసు. తావ్ జిన్ ఆ మాట బృందానికి చెప్పాడు. అందరూ తలలు వంచుకుని విన్నారు. మర్నాటి సాధనలో ఎవరూ ఆపలేదు.

ఆయన పట్టరాని విసుగుతో గంటలు వాయించే పెంగ్ షోను పక్కకు పిలిచాడు. పెంగ్ షో పెద్దవాడు, తలంతా నెరసినవాడు, బృందంలోకెల్లా మొండివాడు.

"మీకు గోడలు కట్టాలని అంత కోరికగా ఉన్నదా?" అని అడిగాడు తావ్ జిన్.

పెంగ్ షో చేతిలోని గంట సుత్తిని కింద పెట్టాడు. తరువాత, "అధికారి గారూ, మీ సేన మా దేశం మీదకు వచ్చినప్పుడు నా కొడుకు పోరులో పోయాడు. శవం దొరకలేదు. కర్మ చేయడానికి ఏమీ మిగలలేదు. ధూపంతో పాటు పైకి పోయేది ఆఖరి శబ్దం ఒక్కటేనని మా పెద్దలు చెబుతారు. అది మా తూర్పు గంట మోతే అయితే నావాడు గుర్తుపడతాడు. ఆ గంటల కిందే ఆడుకుని పెరిగాడు," అన్నాడు.

తావ్ జిన్ లేచి, దక్షిణాది తంత్రి వాయించే సూ లాన్ దగ్గరకు పోయాడు. ఆమె నడివయసు మనిషి, ఎవరితోనూ కలిసేది కాదు. పెంగ్ షో అంటే ఆమెకు గిట్టదు.

"మా ఊరిని గెలవడానికి ఏటి గట్టు తెగ్గొట్టారు," అన్నదామె. "మా అమ్మ, చెల్లెలు నీళ్ళలో పోయారు. ఆ గంటలాయనకు పోయింది ఒక్క కొడుకే గదా అధికారి గారూ. నాకు ఊరంతా వినాలి."

వేణువువాడినీ, భేరివాడినీ అడగడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఇంతకు మునుపు వారి మీద కోపమైనా తెచ్చుకునే వీలుండేది. ఇప్పుడు అదీ లేకుండా పోయింది. అందరిదీ న్యాయమే. అందరూ కలిసి మట్టి మోయడానికి పోతున్నారు. ఆయన తలపాగా తీసి మండపంలోనే పెట్టి, ఎవరితోనూ చెప్పకుండా ఊరు దాటి నడిచాడు. శబ్దం లేని చోటు ఏదైనా ఉంటే అక్కడ కాసేపు కూర్చుందామన్నదే ఆయన ఉద్దేశం. అలా నడిచి నడిచి ఈ కొండకు వచ్చాడు.

అది మధ్యాహ్న సమయం. వెదురు పొదల్లో పిట్టలు అరుస్తున్నాయి. కీచురాళ్ళు మోత పెడుతున్నాయి. కొమ్మల మీద కోతులు పోట్లాడుకుంటున్నాయి. గాలికి వెదుళ్ళు ఒకదానితో ఒకటి రాసుకుని కిర్రుమంటున్నాయి. తావ్ జిన్ చెవులు రెండూ మూసుకున్నాడు. లాభం లేకపోయింది. ఎన్నడూ గొంతు ఎత్తని ఆ మనిషి లేచి నిలబడి, కొండదేవరను ఉద్దేశించి కేకలు పెట్టాడు.

"నీ ఇంట్లో కూడా ఇదేనా? నువ్వు కూడా ఆపలేవా? ఇంతమంది చేత నోళ్ళు తెరిపించావు, మూయించడం నేర్చుకోలేదా? నాకు నేర్పినవాడు లేడు. నీకూ లేడా? చాలు! ఇక చాలు!"

కోతులు ఆయన వైపు చూసి, ఇంకా గట్టిగా అరవసాగాయి.

అప్పుడు పొదలు తొలగించుకుని ఒక పులి బయటకు వచ్చింది. అది గర్జించలేదు. ఆయన మీదకు రాలేదు. కాలిబాట పక్కన పిడుగుపాటుకు నిలువునా చీలిన వెదురు గుంపు ఒకటి ఉంటే, దాని దగ్గరకు పోయి, పశువులు గుంజకు రాసుకున్నట్లు వీపు రాసుకున్నది. గర్రుమని శబ్దం వచ్చింది. మళ్ళీ రాసుకున్నది. మూడోసారి రాసుకునేసరికి పిట్టలు, కీచురాళ్ళు, కోతులు, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. గాలి కూడా నిలిచిందని చెబుతారు. పులి ఆయన వైపు ఒకసారి చూసి, వచ్చినంత తీరికగానే పొదల్లోకి వెళ్ళిపోయింది.

తావ్ జిన్ కదలలేదు. మొదట భయంతో కదలలేదు. తరువాత భయం పోయినా కదలలేదు. ఆయనకు ఒక కూతురు ఉండేది. చిన్నతనంలోనే జ్వరం వచ్చి పోయింది. ఆ పిల్ల ముఖం గుర్తున్నది గాని గొంతు ఎలా ఉండేదో ఎంత ప్రయత్నించినా జ్ఞాపకం రావడం లేదని ఆయన లోలోపల కుమిలిపోయేవాడు. భార్యకు కూడా చెప్పుకోలేదు. ఆ నిశ్శబ్దంలో, ఆయన ప్రయత్నించకుండానే, ఆ గొంతు వినిపించింది. గుమ్మంలో నిలబడి, "నాన్నా, ఇంకా రాలేదేం?" అని అడుగుతున్నట్లు వినిపించింది. అంతే. తరువాత ఒక పిట్ట కూసింది. కొండంతా మళ్ళీ మోత మొదలయింది.

ఆయన కొండ దిగుతూ ఏడ్చాడు. ఊరు చేరేసరికి ఏం చేయాలో తెలిసింది.

పిడుగు పడిన ఆ చోటనే కూలిన చెట్టు మానుతో ఒక పులిని చెక్కించాడు. వీపు మీద గండ్లు పెట్టించాడు. చీలిన వెదుళ్ళ నుంచే ఒక కర్ర తెచ్చాడు. వాటిని మండపంలో పెట్టగానే బృందమంతా నవ్వింది. వేణువులవారు అయితే ముఖం మీదే నవ్వారు.

"ఇది ఏ దేశపు వాద్యం?" అని అడిగింది సూ లాన్.

"ఏ దేశానిదీ కాదు. కొండది," అన్నాడు తావ్ జిన్.

"దీని తరఫున చనిపోయినవారు ఎవరు?" అన్నాడు పెంగ్ షో.

"ఎవరూ లేరు."

"అయితే ఆఖరి శబ్దం దానికెందుకు?"

"అందుకే దానికి," అన్నాడు తావ్ జిన్. "మీరు వినిపించాలని చూస్తున్నారు. మన శబ్దం ఆగనిదే వాళ్ళ శబ్దం మనకు ఎలా వినబడుతుంది? ఇన్నాళ్ళూ మీలో ఒక్కరైనా వినడానికి కూర్చున్నారా?"

ఎవరూ ఒప్పుకోలేదు. "ఆయన ఆపితే నేను ఆపుతాను," అన్నది సూ లాన్. "ఆవిడ ఆపిన తరువాత చూద్దాం," అన్నాడు పెంగ్ షో. తావ్ జిన్ నెత్తి కొట్టుకుని ఇంటికి పోయాడు. ఆరాధన దాకా సాధనలన్నీ ఇలాగే నడిచాయి. పులి వీపు గీకడం, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం, మళ్ళీ వాయించడం. రోంగ్ మాత్రం సరిహద్దులో చలి ఎక్కువని విని, ఉన్ని బట్టలు కుట్టడం మొదలుపెట్టింది.

ఆరాధన రానే వచ్చింది. ఆ ఏడూ మంచు కురిసింది. చక్రవర్తి తల్లి, వద్దన్నా వినకుండా, ఇద్దరు దాసీల మీద ఆనుకుని వచ్చి నిలబడింది. భేరి మోగింది. సంగీతం ఎప్పటివలెనే ఘనంగా సాగి, చివరకు వచ్చింది. తావ్ జిన్ కర్ర తీసుకుని పులి వీపు మీద తల నుంచి తోక దాకా లాగాడు. గర్రుమన్నది. భేరులు ఆగాయి. రెండవసారి లాగాడు. వేణువులు, రాతి పలకలు ఆగాయి. మూడవసారి లాగాడు. సూ లాన్ తంత్రుల మీద అరచేయి ఆనించి ఆపివేసింది. ఆమె ముందుగా ఆపుతుందని ఎవరూ అనుకోలేదు.

గంటల దగ్గర పెంగ్ షో సుత్తి పైకి ఎత్తి ఉన్నాడు.

తావ్ జిన్ అరవలేడు. ఆరాధనలో మాట పనికిరాదు. చక్రవర్తి కనుబొమలు ముడిపడ్డాయి. అప్పుడు సూ లాన్ తన ఆసనం నుంచి లేచింది. సంగీతం ముగిసేదాకా కదలరాదన్న నియమాన్ని ఆమె లెక్కచేయలేదు. గంటల చట్రం దగ్గరకు పోయి, పెంగ్ షో కొట్టబోతున్న గంట మీద తన కుడిచేయి ఆనించింది. సుత్తి పడితే ఆమె వేళ్ళ మీదే పడాలి. ఆ వేళ్ళతోనే ఆమె తన ఊరిని పిలిచేది. పెంగ్ షోకి ఆ సంగతి తెలుసు. అంతకాలం పగబట్టిన ఆమె ముఖంలోకి ఆయన చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కోపంగా కాదు, వద్దని బతిమాలుతున్నట్లుగా ఊపింది.

పెంగ్ షో సుత్తి దించాడు.

మండపంలో ఏ శబ్దమూ లేదు. మంచు పడటం తప్ప. ధూపం నిటారుగా పైకి పోతున్నది. కొంతసేపటికి పెంగ్ షో గంటల చట్రాన్ని పట్టుకుని కూలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి గాని గొంతు బయటకు రానివ్వలేదు. సూ లాన్ గంట మీద నుంచి చేయి తీయకుండా కళ్ళు మూసుకుని నిలబడింది. చక్రవర్తి తల్లి పెదవులు ఏదో మాటకు జవాబు చెబుతున్నట్లు కదిలాయి. భేరివాడు ఎవరి కోసం ఏడ్చాడో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

చాలాసేపు అయిన తరువాత చక్రవర్తి తావ్ జిన్ వైపు తిరిగి, చిన్న గొంతుతో అడిగాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది ప్రభూ."

"ఇంతేనా? ఇంత తేలికైన పనికి మమ్మల్ని ఇంతకాలం విసిగించావా?"

తావ్ జిన్ చెప్పదలచుకున్నది చాలా ఉన్నది. అయినా వంగి నమస్కరించాడు.

అటు తరువాత ఆ ఆస్థానంలో ఏ సంగీతమైనా కొయ్యపులి వీపు గీకిన తరువాతే ముగిసేది. సూ లాన్, పెంగ్ షో స్నేహితులయ్యారని కొందరు కథ చెబుతారు. అది నిజం కాదు. వారు చివరిదాకా శ్రుతి విషయంలో పోట్లాడుకుంటూనే ఉన్నారు. కానీ పులి పలికిన తరువాత మాత్రం ఇద్దరిలో ఎవరూ ఒక్క తంత్రిగాని, గంటగాని కదపలేదు. తావ్ జిన్ పదవి నుంచి తప్పుకున్నాక, ఆస్థానానికి కొత్త పులిని చెక్కించి ఇచ్చి, మొదటి పులిని అడిగి తీసుకుని, దాని మాను దొరికిన చోటనే ఈ కొండ మీద ప్రతిష్ఠించాడు. భార్యాభర్తలిద్దరూ ఇక్కడే చిన్న ఇల్లు కట్టుకున్నారు. సరిహద్దు కోసం కుట్టిన ఉన్ని బట్టలు ఈ కొండ చలికి బాగా పనికివచ్చాయట.

ఈనాటికీ ఇక్కడ జరిగే సేవ ఒక్కటే. ఎడతెగని తగవు ఉన్నవారు, అన్నదమ్ములు గాని, అత్తాకోడళ్ళు గాని, భాగస్వాములు గాని, ఇరుపక్షాలవారూ కలిసి రావాలి. పులి ముందు నిలబడి ఎవరి బాధ వారు, ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా, ఒకేసారి చెప్పుకోవచ్చు. అర్చకులు అడ్డురారు. చెప్పుకున్నాక అర్చకులే పులి వీపును మూడుసార్లు గీకుతారు. ఆ తరువాత ఒక అగరువత్తి కాలేంతవరకు అందరూ మాట్లాడకుండా కూర్చోవాలి. కూర్చున్నవారిలో సగంమంది కొండ దిగకముందే మళ్ళీ మొదలుపెడతారు. బస్సు దగ్గర వారి కేకలు గుడిలోకి వినిపిస్తాయి. అర్చకులు దానికి కూడా అలవాటుపడ్డారు. మిగిలిన సగంమందికి మాత్రం ఇంట్లో శాంతి, కంటికి నిద్ర, పోయినవారి ఆశీస్సు కలుగుతాయని ఇక్కడివారి అనుభవం.

కిందటి చలికాలంలో ఒక వృద్ధురాలు ఒంటరిగా మెట్లెక్కి వచ్చింది. పేరు చియావ్ అని చెప్పింది. ఇరుపక్షాలూ రానిదే సేవ జరగదని అర్చకులు నచ్చజెప్పారు. రెండవ పక్షం ఎవరని అడిగారు.

"మా ఆయన. ఎండాకాలంలో పోయాడు," అన్నదామె.

"మరి తగవు ఎవరితోనమ్మా?"

"ఆయనతోనే. బతికినంత కాలమూ నేనే మాట్లాడాను, ఆయనకు సందు ఇవ్వలేదు. చెప్పుకోవలసినవి ఆయనకూ ఉండి ఉంటాయి గదా. నా వంతు చెప్పడం అయిపోయింది. మీరు పులిని పలికించండి, నేను కూర్చుంటాను."

నియమం ప్రకారం అది కుదరదు. ఆ సంగతి ఆమెకు ఇంకోసారి చెప్పబోయి, అర్చకులు ఎందుకో ఆగిపోయారు. కర్ర చేతిలోకి తీసుకున్నారు. మూడుసార్లు గీకి, అగరువత్తి వెలిగించి, అది ఆరిపోయిన తరువాత, ఆమె లేవకపోవడం చూసి ఇంకొకటి వెలిగించారు.